సరిహద్దు గీశాక మొదలైన పరాయితనం

వేలూరు నుంచి కాట్పాడి మీదుగా చిత్తూరు వెళ్లే రోడ్డులో క్రిస్టియన్‌పేట దగ్గర రాష్ట్రం మారుతుంది గాని మాట మారదు. గుడియాత్తం నుంచి పరదరామి వైపు, పలమనేరు వైపు సాగే దారుల్లోనూ తమిళం ఎక్కడ ఆగిందో, తెలుగు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపడం ఎవరి తరమూ కాదు. ఉత్తర ఆర్కాడు అన్న పేరుతో ఈ నేల అంతా ఒకే జిల్లాగా ఉన్న కాలంలో, అంటే 1911 దాకా, దాని పాలనాకేంద్రం చిత్తూరు. ఆ ఏడాది చిత్తూరు వేరే జిల్లా అయింది, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ రెండు జిల్లాలూ రెండు రాష్ట్రాల పాలయ్యాయి, మ.పొ. శివజ్ఞానం వంటివారు నడిపిన ఉత్తర సరిహద్దు ఉద్యమం, దానికి ఎదురుగా తెలుగువారు వినిపించిన వాదనలు పటాస్కర్ మధ్యవర్తిత్వం దాకా వెళ్లి, 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం కింద 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి, సత్యవేడు చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోకి చేరాయి. ఇంత మార్పులోనూ కుటుంబాలు తాతముత్తాతల ఊళ్లలోనే ఉండిపోగా, గీతకు ఇవతల తెలుగు మాట్లాడేవారికీ, అవతల తమిళం మాట్లాడేవారికీ భాషా అల్పసంఖ్యాకులన్న కొత్త హోదా వచ్చిపడింది.

2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 42 లక్షల మంది, రాష్ట్ర జనాభాలో 5.87 శాతం. తమిళం తరువాత ఆ రాష్ట్రంలో ఎక్కువమంది ఇళ్లలో వినబడే భాష ఇదే. వీరిలో భూస్వాములు, వ్యాపారులు, మంత్రులు ఉన్నట్టే నేతపనివారు, రాళ్లు కొట్టేవారు, మురుగు కాలువలు శుభ్రం చేసేవారు కూడా ఉన్నారు. అయితే గడిచిన కొన్నేళ్లుగా తమిళ జాతీయవాద రాజకీయాల్లోని ఒక పాయ వీరందరినీ కలిపి ‘వందేరులు’, అంటే ఎక్కడినుంచో వచ్చి చేరినవారు, అని పిలుస్తూ, పాలనలో వీరికి వాటా ఉండడమే తమిళులకు జరిగిన అన్యాయమని ప్రచారం చేస్తున్నది. ఇది ఎన్నికల వేదికల మీద నలిగే మాటే గదా అని కొట్టిపారేసేవారున్నారు. ఇటువంటి మాట ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోగలదో ఐరోపాలోని అల్బేనియన్ల అనుభవం తేటతెల్లం చేస్తుంది కనుక, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంది.

ఇక్కడ రెండు పదాలను విడదీసుకోవాలి. ఒక సమూహంలోని మనిషిని స్వయంగా ఎరగకముందే ఆ సమూహం మీద ఏర్పరచుకున్న చెడు అభిప్రాయం పూర్వదురభిప్రాయం. ఆ అభిప్రాయం బడిలో, కొలువులో, పోలీస్ స్టేషన్‌లో, చట్టంలో ఆచరణగా మారితే అది వివక్ష. మొదటిది మనసులో ఉన్నంత కాలం కొలవడం కష్టం. రెండోదానికి మాత్రం జీవోలు, హాజరుపట్టీలు, కోర్టు తీర్పులు సాక్ష్యంగా నిలుస్తాయి. అల్బేనియన్ల విషయంలో ఒకటి రెండోదిగా మారిన క్రమం దాదాపు నూరేళ్ల పొడవునా నమోదై ఉంది.

తెలుగు పాఠకులకు అల్బేనియన్లు పూర్తిగా తెలియనివారు కాదు, ఎందుకంటే 1910లో స్కోప్యే పట్టణంలో ఒక అల్బేనియన్ కుటుంబంలో పుట్టిన బాలికే తరువాత కలకత్తాలో మదర్ థెరిసా అయింది. ఆమె పుట్టిన రెండు మూడేళ్లకే బాల్కన్ యుద్ధాల్లో అట్టోమన్ సామ్రాజ్యం వెనక్కి తగ్గగా, స్వతంత్ర అల్బేనియా చిన్న దేశంగా మిగిలి, కొసావో సహా అల్బేనియన్ మాట్లాడే విశాల ప్రాంతాలు సెర్బియా చేతికి, మరికొన్ని ఇతర పొరుగు రాజ్యాల చేతికి పోయాయి. ఆ విభజనను సమర్థించుకోవడానికి చదువుకున్నవారే ముందుకొచ్చారు: సెర్బియా మాజీ ప్రధాని, వృత్తిరీత్యా వైద్యుడు అయిన వ్లాదాన్ జార్జెవిచ్ 1913లో రాసిన పుస్తకంలో అల్బేనియన్లకు మొన్నమొన్నటిదాకా తోకలు ఉండేవని రాశాడు. 1937లో చరిత్రకారుడు వాసో చుబ్రిలోవిచ్, కొసావోలోని అల్బేనియన్లను వేధించి, భూములు లాక్కొని, టర్కీకి వెళ్లిపోయేలా చేయాలని బెల్‌గ్రేడ్‌లో ఒక పత్రం సమర్పించాడు. అదే మనిషి తరువాత యుగోస్లావియాలో మంత్రి పదవి కూడా నిర్వహించాడు. పామరుల నోట పుట్టిన తిట్టు పండితుల సిద్ధాంతంగా ఎదగడం కాదిది, పండితుల సిద్ధాంతమే పామరుల తిట్టుకు బలమివ్వడం. ఈ క్రమాన్ని గుర్తుపెట్టుకోవడం తమిళనాడులోని చరిత్ర వాదాలను అర్థం చేసుకోవడానికి చాలా అవసరం.

1974 నాటి యుగోస్లావ్ రాజ్యాంగం కొసావోకు ఇచ్చిన స్వయంప్రతిపత్తిని 1989లో సెర్బియా నాయకుడు మిలోషెవిచ్ హరించాడు. ఆ ఏడాదే జూన్ 28న, ఆరు వందల ఏళ్ల క్రితం 1389లో జరిగిన కొసావో యుద్ధాన్ని తలుస్తూ అదే మైదానంలో భారీ సభ జరిపాడు. మధ్యయుగాల్లో ఎవరు ముందు ఎవరు వెనుక అన్న లెక్క ఇరవయ్యో శతాబ్దపు పౌరుడి ఉద్యోగాన్ని నిర్ణయించే స్థితి అలా వచ్చింది. లక్షకు పైగా అల్బేనియన్లు ప్రభుత్వ కొలువులు కోల్పోయారు. సెర్బియా రుద్దిన ఏకరూప పాఠ్యప్రణాళికను ఒప్పుకోని ఉపాధ్యాయులకు జీతాలు ఆగిపోయాయి, 1991 నాటికి ప్రిష్టినా విశ్వవిద్యాలయం తలుపులు అల్బేనియన్ విద్యార్థులకు మూసుకుపోయాయి. దాదాపు పదేళ్ల పాటు వారి పిల్లలు ఇళ్లలోని గదుల్లో, నేలమాళిగల్లో తమ భాషలో చదువుకున్నారు. యుద్ధంలో 1999 మార్చి, జూన్ నెలల మధ్య 8 లక్షలకు పైగా మంది కొసావో విడిచి పొరుగు దేశాలకు తరమబడ్డారు. బడి మూతపడ్డ తరువాత ఎనిమిదేళ్లకు ఇల్లు పోయింది.

వేలూరు, గుడియాత్తం తెలుగువారి స్థితి దీనితో సమానమని అనడం అబద్ధమవుతుంది, కొసావో మృతులకు అన్యాయమూ అవుతుంది. ఇక్కడ ఊళ్లు తగలబడలేదు, ఎవరూ సరిహద్దు దాటించబడలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ తొలి మంత్రివర్గాలకు నాయకత్వం వహించిన సుబ్బరాయలు రెడ్డియార్, పానగల్ రాజా తెలుగువారు. తిరుత్తణిలో పుట్టి వేలూరు వూర్హీస్ కళాశాలలో చదివిన తెలుగింటి బిడ్డ సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయ్యారు. చదువుకూ చికిత్సకూ ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి వేలమంది వచ్చే వేలూరులో, క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రి చుట్టూ ఉన్న లాడ్జీల్లో, మందుల దుకాణాల్లో తెలుగు ధారాళంగా పలుకుతుంది. పోలిక ఉన్నది హింస పరిమాణంలో కాదు, వాదన అల్లికలో. పాత చరిత్ర నుంచి ఒక ఘట్టాన్ని ఏరి, దానితో ఇప్పటి మనుషుల హక్కును కొలిచే పద్ధతి రెండు చోట్లా ఒకటే.

ఆ ఏరిన ఘట్టం తమిళనాడులో విజయనగరం. వేలూరు కోటను పదహారో శతాబ్దంలో కట్టించినది విజయనగర సామంతుడైన చిన్న బొమ్మి నాయకుడు. పెనుకొండ, చంద్రగిరి తరువాత ఆ సామ్రాజ్యపు చివరి రాజధానుల్లో వేలూరు ఒకటి. తెలుగువారంతా ఆ నాయక రాజుల వెంట వచ్చిన దండులోని వారేనన్నది వందేరి వాదపు మూలసూత్రం. దండులతో వచ్చినవారు ఉన్నారన్నది నిజమే. కాని రాజులు రాకముందూ పోయిన తరువాతా కరవుకు, నేతపనికి, సేద్యానికి పాలారు లోయలో అటూ ఇటూ కదిలినవారిని, కదలకుండానే రెండు భాషల మధ్య పుట్టి పెరిగినవారిని ఆ సూత్రం లెక్కలోకి తీసుకోదు. విజయనగర సామ్రాజ్యం నడిచిన పదిహేనో శతాబ్దంలోనే అట్టోమన్ దాడులకు తాళలేక అల్బేనియన్లు సముద్రం దాటి దక్షిణ ఇటలీలో స్థిరపడ్డారు. అర్‌బెరెష్ అని పిలువబడే వారి సంతతి ఇప్పటికీ తమ పాత అల్బేనియన్ మాట్లాడుతుంది, ఇటలీ 1999లో చేసిన 482వ చట్టం ఆ భాషను దేశపు చారిత్రక అల్పసంఖ్యాక భాషల్లో ఒకటిగా రక్షిస్తుంది. అంటే అయిదు వందల ఏళ్ల క్రితం వచ్చినవాడు అతిథా, ఇంటివాడా అన్నది చరిత్ర తేల్చే విషయం కాదు, రాజ్యం తీసుకునే నిర్ణయం.

అదే ఇటలీకి 1991 ఆగస్టు 8న వ్లోరా అనే ఓడలో దాదాపు 20 వేలమంది అల్బేనియన్లు బారి రేవుకు చేరినప్పుడు, వారిలో అత్యధికులను క్రీడా మైదానంలో నిర్బంధించి కొన్ని రోజుల్లోనే వెనక్కి పంపేశారు. పాత వలసవారి భాషను గౌరవించి, కొత్త వలసవారిని తిప్పికొట్టడంలో తేడా జాతిది కాదు, జేబుది. పూర్వదురభిప్రాయం జాతి పేరు పెట్టుకొని మాట్లాడినా, దాని దెబ్బ పడేది ఆ జాతిలోని నిరుపేద మీదే. తమిళనాడులో దీనికి అరుంధతీయుల కథను మించిన నిదర్శనం లేదు.

అరుంధతీయులు తమిళనాడులో ఎక్కువగా తెలుగు, కొంతవరకు కన్నడం ఇంటి భాషగా గల దళితులు. తోలుపని, చెప్పులు కుట్టడం, మలమూత్రాలు ఎత్తడం కులం పేరిట వీరి నెత్తిన రుద్దబడ్డాయి. 1993లోనూ 2013లోనూ వచ్చిన నిషేధ చట్టాల తరువాత కూడా మురుగు గుంతల్లో ఊపిరాడక చనిపోతున్న పారిశుద్ధ్య కార్మికుల్లో ఈ సమూహం వారు తరచు కనిపిస్తారు. గుడియాత్తానికి దూరం కాని కోలారు బంగారు గనులకు ఉత్తర ఆర్కాడు, చిత్తూరు జిల్లాల నుంచి కూలీలు వెళ్లగా, ఆ గనుల కాలనీల్లో మరుగుదొడ్లు శుభ్రం చేసే తెలుగు దళిత కుటుంబంలో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ అమానుష వృత్తి మీద దేశవ్యాప్త ఉద్యమం నడిపి 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. అరుంధతీయులకు భాష వల్ల వచ్చిన పరాయితనం కులం వల్ల వచ్చిన అంటరానితనం మీద మరొక పొరగా పేరుకున్నది. 2023 ఫిబ్రవరిలో ఈరోడ్ తూర్పు ఉప ఎన్నిక ప్రచారంలో నామ్ తమిళర్ కట్చి నాయకుడు సీమాన్, అరుంధతీయులను విజయనగర పాలకులు పారిశుద్ధ్య పని కోసం తెచ్చారన్న అర్థం వచ్చేలా మాట్లాడగా, పోలీసులు కేసు నమోదు చేశారు. 2024 నవంబరులో చెన్నై సభలో నటి కస్తూరి, తెలుగువారు రాజుల అంతఃపురాల్లో సేవకు వచ్చినవారి సంతతి అన్న ధోరణిలో చేసిన వ్యాఖ్య మీద పెద్ద దుమారం రేగి, ఆమె మాట వెనక్కి తీసుకున్నా అరెస్టు దాకా వెళ్లింది. రెండో వ్యాఖ్యకు తెలుగు రాష్ట్రాల పత్రికల్లో, టీవీల్లో వచ్చినంత స్పందన మొదటి వ్యాఖ్యకు రాలేదు. రెండూ ఒకే వాదం నుంచి పుట్టినవే. అయినా కించపడినవారు పాకీపని చేసేవారైనప్పుడు తెలుగు ఆత్మగౌరవం నోరు మెదపకపోవడం ఆలోచించవలసిన విషయం.

న్యాయంగా చెప్పుకోవలసిన మరొక సంగతి ఉంది. జస్టిస్ ఎం.ఎస్. జనార్దనం కమిటీ సిఫార్సు మేరకు తమిళనాడు ప్రభుత్వం 2009లో చట్టం చేసి, షెడ్యూల్డు కులాల 18 శాతం రిజర్వేషన్‌లో 3 శాతాన్ని అరుంధతీయ, చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర అనే ఏడు కులాలకు ప్రత్యేకించింది. ఇంటి భాష తెలుగైన అట్టడుగు దళితులకు ఒక తమిళ ప్రభుత్వం చేసిన ఈ మేలు, 1994 నుంచి మాదిగ దండోరా పోరాడుతున్నా తెలుగు నేల మీద నిలవలేదు: ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణ చెల్లుతుందని తేల్చాక, 2025 ఏప్రిల్‌లో గాని రెండు తెలుగు రాష్ట్రాల్లో అది మళ్లీ అమలుకు రాలేదు. తమిళ సమాజమంతా తెలుగువారికి శత్రువన్న ఎదురు ప్రచారం ఈ ఒక్క చట్టం ముందే వీగిపోతుంది. అలాగే, 2019 ఆగస్టులో అప్పటి వేలూరు జిల్లాలోని వాణియంబాడి దగ్గర నారాయణపురంలో, శ్మశానానికి పొలాల గుండా దారి ఇవ్వనందువల్ల ఒక దళితుడి శవాన్ని పాలారు వంతెన మీద నుంచి తాళ్లతో కిందికి దించవలసి వచ్చిన ఘటన చెబుతున్నది కూడా ఇదే: కులం గీసిన గీత భాష గీసిన గీత కన్నా లోతైనది. తెలుగు మాట్లాడే భూస్వామికి తెలుగు మాట్లాడే అరుంధతీయుడు ఏనాడూ స్వజనం కాలేదు. కొసావోలోనూ 1999 తరువాత అధికారం అల్బేనియన్లకు వచ్చాక సెర్బులు, రోమాలు ప్రతీకారానికి గురై పెద్ద సంఖ్యలో పారిపోయారు, 2004 మార్చిలో మళ్లీ అల్లర్లు జరిగాయి. బాధితుడి స్థానం శాశ్వతమైనది కాదు.

తెలుగువారు ఈ విషయంలో తమ వైపు కూడా చూసుకోవాలి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలుగా వెళ్లిన 20 మందిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు కాల్చి చంపారు. వారు తిరువణ్ణామలై, ధర్మపురి, సేలం జిల్లాల పేదలు, వారిలో జవ్వాది కొండల వైపు గిరిజనులూ ఉన్నారు. అడవికి పంపిన దళారులెవరో, సరుకు ఎగుమతి చేసిన పెద్దలెవరో అన్న ప్రశ్న కన్నా, ‘తమిళ కూలీ అంటే స్మగ్లరు’ అన్న ముద్రే సరిహద్దు బస్సుల్లో ఎక్కువకాలం నిలిచింది. ఆ కాల్పుల తరువాత తమిళనాడులో ఆంధ్ర బస్సులు ఆగిపోయాయి. ఏ తప్పూ చేయనివారు ఇరుపక్కలా దానికి మూల్యం చెల్లించారు. ఒకరి నేరాన్ని ఆ భాష వారందరికీ అంటగట్టే ఈ అలవాటును మూస ముద్ర అంటారు. 2022లో చిన్న పడవల్లో బ్రిటన్ చేరిన 45 వేలమందికి పైగా వలసవారిలో నాలుగో వంతు అల్బేనియన్లు కావడంతో, హోంమంత్రి సువెల్లా బ్రేవర్మన్ ఆ రాకను దండయాత్ర అన్నప్పుడు, అల్బేనియా ప్రధాని ఎడి రామా తన జాతి మొత్తాన్ని నేరస్థులుగా చిత్రిస్తున్నారని నిరసించారు. అక్కడ కూలికి పోయే అల్బేనియన్ యువకుడు, ఇక్కడ జవ్వాది కొండల కూలీ ఒకే ముద్ర మోశారు.

వందేరి వాదం తన తర్కం ప్రకారమే నిలవదని చూపడానికి వేలూరు, గుడియాత్తం చరిత్రలోనే రెండు ఘట్టాలున్నాయి. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజు శాసనసభకు ఎన్నికైనది సొంత ఊరు విరుదునగరం నుంచి కాదు, గుడియాత్తం ఉప ఎన్నికలో. ద్రావిడ ఉద్యమం ఆయనను అచ్చమైన తమిళుడని కొనియాడి బలపరిచింది. ఆ పిలుపుకు గురి పక్కింటి తెలుగువాడు కాదు, పాలనలో పాతుకుపోయిన కులాధిక్యం. ఆ పిలుపునిచ్చిన పెరియార్ ఇంటి భాష కన్నడం. రెండోది, శ్రీలంక తమిళుల పోరును సమర్థించినందుకు పోటా చట్టం కింద 2002 జూలై నుంచి 2004 ఫిబ్రవరి దాకా వేలూరు కేంద్ర కారాగారంలో ఉన్న తమిళ రాజకీయ నాయకుడు వైకో జైలు జీవితం. ఆయన ఇంటి భాష తెలుగు. తమిళం కోసం పంతొమ్మిది నెలలు జైల్లో ఉన్నా తమిళుడు కాలేకపోతే, ఆ కొలతబద్ద భాషాభిమానాన్ని కొలవడం లేదని తేలుతుంది.

ఇక మిగిలింది బడి. రాజ్యాంగం 350ఎ అధికరణం, 1956లో ఏడో సవరణ ద్వారా చేరినది, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని రాష్ట్రాలకు చెబుతుంది. తమిళనాడు 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేస్తూ 2015-16 నాటికి పదో తరగతి దాకా వచ్చింది. అంతకుముందు మొదటి భాష స్థానంలో తెలుగో ఉర్దూయో చదివిన పిల్లలకు, ఇప్పుడు అది నాలుగో భాగం కింద ఐచ్ఛిక పాఠ్యాంశం. తమిళనాట బతికే పిల్లలు తమిళం నేర్వాలన్న కోరికలో తప్పు లేదు. నేర్వకపోతే నష్టపోయేది ఆ పిల్లలే, గుడియాత్తం తెలుగు తల్లిదండ్రుల్లో దాన్ని కాదనేవారు అరుదు. అన్యాయం ఉన్నది నేర్చే భాషను కలపడంలో కాదు, ఉన్న భాషను లెక్కలోంచి తీసేయడంలో. మార్కులు లెక్కకు రాని పాఠాన్ని బడి పట్టించుకోదు, బడి పట్టించుకోని పాఠానికి ఉపాధ్యాయుడు దొరకడు, ఉపాధ్యాయుడు లేనప్పుడు తల్లిదండ్రులు ఆ పాఠాన్ని అడగడమే మానేస్తారు. ఆ తరువాత ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగులో ఒక ఉత్తరం చదవలేని తరం తయారవుతుంది. తమిళనాడు పొడవునా ఇప్పటికే అటువంటి తరాలు రెండు మూడు ఉన్నాయి.

భాషా అల్పసంఖ్యాకుల బడులు కోర్టుకెక్కగా, మద్రాసు హైకోర్టు పదో తరగతి తమిళ పరీక్ష నుంచి ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో మరో ఏడాదికి పొడిగించింది. ఏటా గడువు పొడిగించే దయ మీద ఒక పిల్లవాడి చదువు ఆధారపడటం రాజ్యాంగ హక్కు అనిపించుకోదు. తమిళాన్ని తప్పనిసరిగా ఉంచుతూనే, మాతృభాష పేపరు మార్కులకు ఉత్తీర్ణతలో చట్టబద్ధమైన చోటు ఉండేలా 2006 చట్టాన్ని సవరించడం, తెలుగు, ఉర్దూ, కన్నడ ఉపాధ్యాయుల ఖాళీలను ఆయా బడుల్లో నింపడం తమిళనాడు ప్రభుత్వం చేతిలో ఉన్న పనులు. తెలుగు పాఠ్యపుస్తకాలను రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ ఎలాగూ అచ్చువేస్తున్నది. 1960లో గ్రామాలను మార్చుకున్న రెండు రాష్ట్రాలు, ఆ గ్రామాల పిల్లల చదువు గురించి కూడా ఒక మాట అనుకోవాలి. కుప్పం, నగరి, సత్యవేడు ప్రాంతాల్లోని తమిళ మాధ్యమ బడుల అవసరాలు కూడా ఆ మాటలో ఉండాలి; వేలూరు తెలుగు పిల్లల తరఫున చెన్నైని అడగబోయే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుగా నగరి తమిళ పిల్లలకు ఏం ఇస్తున్నదో చెప్పగలగాలి.